రాయి కాదు, బ్రేకు

సంత రోజు మా మామ జీపులో ఇరవై మంది ఎక్కేవారు. లోపల పన్నెండు మంది, వెనక మెట్టు మీద నలుగురు, పైన చింతపండు బుట్టల మధ్య మిగిలినవాళ్ళు. అది తప్పని మాకు తెలియక కాదు. మా కొండ మీద పల్లెలన్నిటికీ అదొక్కటే బండి. అది కదలని రోజు నెత్తిన బరువు పెట్టుకుని పది కిలోమీటర్లు నడవాలి. కాన్పు కష్టమైన ఆడమనిషిని డోలీ కట్టి మోసుకెళ్ళాలి. అందుకే ఆ బండిని ఎవరూ ఒక్క మాట అనేవారు కాదు. బండికి జబ్బు చేసినా, చేసిందని ఎవరూ పైకి అనేవారు కాదు.

మాది పాడేరు దగ్గర కొండ మీద ఊరు. మేము కొండదొరలం. నేనిప్పుడు ఒక ఆశ్రమ పాఠశాలలో సైన్సు పంతుల్ని. ఇది నేను ఇంటర్ పరీక్షలు రాసి ఇంటికొచ్చిన వేసవినాటి మాట. ఇరవై ఏళ్ళు దాటింది. అప్పటికి పాడేరు జిల్లా కేంద్రం కాలేదు, మా ఊరికి తారు రోడ్డు లేదు. మధ్యలో రెండు గెడ్డలు, ఆరు మలుపులు. గెడ్డల మీద వంతెనల్లేవు. జీపు నీళ్ళలోంచే దాటేది.

ఆ రోజు నేను వెనక మెట్టు మీద వేలాడుతున్నాను. ముందు సీట్లో మా అమ్మ, ఆమె ఒళ్ళో మా చెల్లి. మూడో మలుపు దగ్గరికొచ్చేసరికి జీపు నిదానించాల్సింది పోయి ఊపందుకుంది. మామ కాలు టపటపా కొట్టుకోవడం నాకు వెనక నుంచే వినపడింది. నేలరేకు మీద పెడల్ తగిలిన చప్పుడు అది. హ్యాండ్ బ్రేకు తీగ ఎప్పుడో తెగిపోయింది. అదృష్టం కొద్దీ బండి రెండో గేరులో ఉంది. మామ స్టీరింగుని లోయ వైపు కాకుండా కొండ వైపు తిప్పాడు. మడ్‌గార్డు మట్టిగోడకి రాసుకుంది. ముందు చక్రం కాలువలో పడింది. బండి ఆగింది. పైనున్న బుట్టలు దొర్లి చింతపండు దారంతా పరుచుకుంది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు.

మామ దిగి అందరి మొహాలూ చూశాడు. "రాయి అడ్డమొచ్చింది. తప్పించబోయాను" అన్నాడు.

దారిలో రాయేమీ లేదు. నేను చూశాను. మా అమ్మ కూడా చూసింది. ఇద్దరం ఏమీ అనలేదు.

రాత్రి మామ అరుగు మీద కూచుని కుడి మోకాలు నిమురుకుంటున్నాడు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"ఏటిరా, అలాగ సూస్తన్నావు?"

"రాయెక్కడుంది మామా?"

చాలాసేపు మాట్లాడలేదు. తరవాత చెప్పాడు. మూడు నెలలుగా బ్రేకు దిగిపోతోందట. ఒకసారి తొక్కితే కిందదాకా పోతుంది. వెంటవెంటనే రెండు మూడుసార్లు తొక్కితే పైకొచ్చి పట్టుకుంటుంది. అందరు డ్రైవర్లలాగే తానూ పంపు కొట్టుకుంటూ నడిపేశాడు. పట్నంలో ఒక షెడ్డుకి తీసుకెళ్తే మాస్టర్ సిలిండర్‌లో కొత్త కిట్టు వేశారు. డబ్బులైపోయాయి కానీ బ్రేకు మారలేదు. మళ్ళీ వెళ్తే "సిలిండరే మార్చాలి" అన్నారు. అది మూడు సంతల సంపాదన. "కొండోళ్ళం కదా, మనల్ని ముంచుదామని సూత్తారు" అని మామ వెనక్కి వచ్చేశాడు.

"వచ్చే సంతకి వెళ్తావా మామా?"

"ఎల్లక? వాయిదా ఎవుడు కడతాడు?"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫిజిక్సులో నాకు మంచి మార్కులే వచ్చేవి. పాస్కల్ సూత్రం అక్షరం పొల్లుపోకుండా అప్పగించగలను. దాని ఉపయోగాల్లో రెండోది హైడ్రాలిక్ బ్రేకులని కూడా రాశాను. కానీ మా అమ్మ కూచున్న బండి ఎందుకు ఆగలేదో నాకు తెలియలేదు.

పొద్దున్నే తాత దగ్గరికి వెళ్ళాను. నాకు సొంత తాత కాదు, వరసకి తాత. కాఫీ తోటల్లో జీపు నడిపి రిటైరయ్యాడు. పాడేరు ఘాటులో ఎన్నో ఏళ్ళు బండి నడిపిన మనిషి. చదువు రాదు. నేను చెప్పిందంతా విని, "మీ మామని బండి తెమ్మను. పానాలు తేవొద్దను" అన్నాడు.

పానాలు ఎందుకు వద్దో మాకు అర్థం కాలేదు. తాత డ్రైవరు సీట్లో కూచుని, పెడల్ పక్కన ఒక వెదురు పుల్లని నిలబెట్టించి, బొగ్గుతో గుర్తులు పెట్టమని నాతో చెప్పాడు. మొదట చేత్తో మెల్లగా నొక్కాడు. అర అంగుళం దాకా ఏ బరువూ లేకుండా కదిలింది. "ఇది ఉండాలి. ఇదే లేకపోతే బ్రేకులు పట్టేసి డ్రమ్ములు కాలిపోతాయి. మరీ ఎక్కువైనా తప్పే" అన్నాడు. తరవాత కాలితో ఒక్కసారి తొక్కాడు. నేలకి అంగుళం పైన ఆగింది. వదిలి వెంటవెంటనే మూడుసార్లు తొక్కాడు. ఈసారి నాలుగంగుళాల ఎత్తులోనే ఆగింది.

"ఎలాగుందో నువ్వూ తొక్కి సూడు" అన్నాడు నాతో. తొక్కాను. రాయిని తొక్కినట్టు గట్టిగా ఉంది.

"మెత్తగా, స్పంజిలాగా ఉంటే గాలి చేరినట్టు. ఇది అలాగ లేదు. కాబట్టి గాలి కాదు. పంపు కొడితే పైకొచ్చి గట్టిగా నిలబడిందంటే, చక్రంలో షూకీ డ్రమ్ముకీ మధ్య సందు పెరిగిపోయింది."

ఎందుకో తాత నేల మీద గీసి చూపించాడు. నాలుగు చక్రాలు, చక్రానికి రెండు షూలు. మొత్తం ఎనిమిది. ఒక్కొక్క షూ కాస్త ఎక్కువ దూరం జరగాల్సి వచ్చినా, అందుకు కావలసిన ఆయిలంతా ఒక్క మాస్టర్ సిలిండర్ నుంచే రావాలి. అందులో ఒక్క తొక్కుడుకి సరిపడా ఆయిలే ఉంటుంది. సందు పూడకముందే పెడల్ నేలకి తగులుతుంది. మళ్ళీ గబగబా తొక్కితే షూలు పూర్తిగా వెనక్కి రాకముందే కొత్త ఆయిలు తోడవుతుంది. అందుకే పెడల్ పైకొస్తుంది. "పంపు కొడితే పట్టుకుంటంది కదా అని నడిపేస్తారు. మలుపులో మూడుసార్లు తొక్కే తీరిక ఉంటదా?" అన్నాడు. మామ తల దించుకున్నాడు.

ఇంతటితో అయిపోయిందనుకున్నాను. తాత దిగలేదు. పెడల్‌ని పంపు కొట్టి పైకి తెచ్చి, అలాగే తొక్కిపెట్టి ఉంచాడు. "లెక్కెట్టు" అన్నాడు. నేను అరవై దాకా లెక్కపెట్టాను. కాలు ఎత్తలేదు, బరువు పెంచలేదు. అయినా పెడల్ నెమ్మదిగా బొగ్గు గుర్తు దాటి కిందకి దిగింది.

"ఇది రెండో జబ్బు. సందు ఒక్కటే అయితే పైకొచ్చిన పెడల్ అక్కడే నిలబడాలి. దిగతందంటే ఆయిలు ఎక్కడికో పోతంది."

ఎక్కడికి పోతోందో చూడాలి. ఆ పాత జీపులో మాస్టర్ సిలిండరు డ్రైవరు కాళ్ళ కింద, ఛాసిస్‌కి బిగించి ఉంటుంది. నేలరేకులో చిన్న మూత తీసి ఆయిలు నిండుగా పోశాం. మళ్ళీ అరవై లెక్క, పదిసార్లు. ఆయిలు తగ్గలేదు. నేను బండి కింద దూరి నాలుగు చక్రాల వెనక రేకులూ, పైపులూ, రబ్బరు హోసులూ చేత్తో తడిమాను. ఎక్కడా తడి లేదు. మామ పెడల్ తొక్కుతుంటే హోసులు ఉబ్బుతున్నాయేమో పట్టుకుని చూశాను. ఉబ్బలేదు.

"బయటికి పోలేదు. అయినా దిగతంది. మరెక్కడికి పోయింది?" అని తాత నన్నే అడిగాడు.

నాకు ఆ క్షణంలో తట్టింది. "లోపలే వెనక్కి వస్తోంది తాతా. సిలిండర్‌లోనే."

"నోటితో అంటే సాలదు. రుజువు సెయ్యాలి." అప్పుడు పానాలు అడిగాడు. తన రేకుపెట్టెలోంచి సరైన మరలున్న ఒక బోల్టు తీశాడు. మాస్టర్ సిలిండరు నుంచి చక్రాలకి వెళ్ళే పైపు విప్పి, ఆ నోటిని బోల్టుతో మూసేశాడు. ఇప్పుడు చక్రాలతో, షూలతో, పైపులతో సంబంధం లేదు. సిలిండరు ఒక్కటే. తొక్కితే పెడల్ పైనే గట్టిగా ఆగాలి. ఆగింది. కానీ అరవై లెక్కపెట్టేలోపు మళ్ళీ దిగిపోయింది.

మామ ఏమీ అనలేదు. సిలిండర్ మార్చాలని పట్నం మెకానిక్ అన్నమాట నిజమే.

సిలిండర్ విప్పి చూస్తే లోపలి గోడ మీద తుప్పు గుంటలు, పొడుగునా ఒక గీత. కొత్తగా వేసిన రబ్బరు వాషరు అంచు అప్పుడే చిరిగింది. చిరిగిన చోటు నుంచీ గుంటల మీదుగానూ ఆయిలు వెనక్కి జారిపోతోంది. "గోడ పాడైన సిలిండర్‌లో ఎన్ని కిట్లేసినా ఇంతే" అన్నాడు తాత. ఆ తుప్పు ఎలా వచ్చిందో నేను తరవాత చదివి తెలుసుకున్నాను. బ్రేక్ ఆయిలు గాలిలోని తేమని పీల్చుకుంటుంది. ఏళ్ళ తరబడి మార్చకపోతే ఆ నీరే లోపల ఇనుముని తినేస్తుంది. అంతేకాదు. డాట్ 3 రకం ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక అది 140 డిగ్రీలకి పడిపోవచ్చు. ఘాటులో దిగేటప్పుడు డ్రమ్ము వేడికి ఆయిలు మరిగితే ఆవిరి పుడుతుంది. ఆవిరి నొక్కితే నలుగుతుంది, ఆయిలులాగా తోసుకుపోదు. పైగా వేడికి డ్రమ్ము కూడా వ్యాకోచించి షూకి ఇంకాస్త దూరమవుతుంది. మా జీపులో ఆయిలు టీ డికాషన్ రంగులో ఉంది. సందు, లీకు, వేడి. ఈ మూడూ మూడో మలుపులో కలిశాయి.

తరవాత చక్రాలు ఒక్కొక్కటే జాకీ మీద లేపాం. వెనక రేకు మీద ఉన్న కామ్ బోల్టు తిప్పుతూ పోతే షూ డ్రమ్ముకి తగులుతుంది. చక్రం ఆగేదాకా తిప్పి, మళ్ళీ స్వేచ్ఛగా తిరిగేదాకా కొంచెం వెనక్కి తిప్పాలి. మూడు చక్రాలకి కుదిరింది. వెనక కుడి చక్రం బోల్టు తుప్పు పట్టి బిగుసుకుపోయింది. డ్రమ్ము ఊడదీస్తే లోపల గెడ్డ బురద ఎండి గట్టిపడి ఉంది. లైనింగు రివిట్ల దాకా అరిగింది. నేను ఊదబోతే తాత నా మొహం పక్కకి తోశాడు. తడిగుడ్డతో తుడవమన్నాడు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేదని, ఆ పొడి ఊపిరితిత్తులకి ప్రమాదమని నాకు అప్పుడు తెలియదు. ఆయనకి ఆ పేరూ తెలియదు. ఆ పొడి పీల్చొద్దని మాత్రం తెలుసు.

మామ రెండు సంతలు బండి కట్టలేదు. రెండు మేకలు అమ్మాడు. జనం తిట్టుకుంటూ నడిచారు. వాయిదా మనిషి ఇంటికొచ్చి అరిచాడు.

సిలిండరు కొనడానికి పట్నం వెళ్ళినప్పుడు నన్నూ తీసుకెళ్ళాడు. ముందు ఆ షెడ్డుకే వెళ్ళాం. మామ పాత సిలిండరు సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. "మార్చాలని మీరన్నది నిజమే. మొదటిసారే ఎందుకు సెప్పలేదు బాబూ?" అని అడిగాడు. మెకానిక్ నవ్వి, "చెబితే మీకర్థమవుతుందా?" అన్నాడు.

మామ కోప్పడలేదు. సిలిండరు వెలుతురు వైపు తిప్పి, లోపలి గీత మీద వేలు పెట్టాడు. "ఇదిగో, ఈ గీత నాకు సూపించుంటే అర్థమయ్యేది" అన్నాడు.

షెడ్డులో ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి మెకానిక్ ఆ సిలిండరు తీసుకుని చూసి, "చూపించాల్సింది" అన్నాడు. దారి పొడుగునా నాకు ఆ మాటలే చెవిలో తిరిగాయి. మనల్ని మోసం చేస్తున్నారని మామ అనుకున్నాడు. మనకి అర్థం కాదని ఆయన అనుకున్నాడు. ఆ రెండు అనుకోవడాల మధ్య ఇరవై మంది ఉన్న బండి మూడు నెలలు నడిచింది.

కొత్త సిలిండరు బిగించాం. వెనక రెండు చక్రాలకీ లైనింగులు మార్చాం. ఒక్కదానికే మారిస్తే బండి ఒక పక్కకి లాగేస్తుందని తాత చెప్పాడు. రబ్బరు భాగాల్ని కిరసనాయిలుతో కడగబోతే ఆపాడు. కిరసనాయిలు గానీ ఇంజన్ ఆయిలు గానీ తగిలితే ఆ రబ్బరు ఉబ్బి పాడవుతుంది. బ్రేక్ ఆయిలుతోనే కడగాలి. చివరికి గాలి తియ్యాలి. సిలిండరుకి అన్నిటికంటే దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టాం. నిప్పిల్‌కి సన్నని గొట్టం తొడిగి, దాని రెండో కొసని ఆయిలున్న సీసాలో ముంచాను. మామ తొక్కి పట్టుకుంటే నేను నిప్పిల్ వదులు చెయ్యాలి, బిగించాలి, అప్పుడే ఆయన కాలు ఎత్తాలి. బుడగలు వచ్చాయి. నాలుగో ఐదో తొక్కుడుకి బుడగలు ఆగి ఆయిలు ఒక్కటే వచ్చింది. ముందు సీట్లో మామ కాలి బరువు, బండి వెనక నా చేతిలోని గొట్టానికి తెలుస్తోంది. మూసిన ద్రవం మీద ఒకచోట వేసిన ఒత్తిడి అన్ని దిక్కులకీ సమానంగా అందుతుందని నేను ఎన్నిసార్లు రాశానో. అది నిజమని ఆ సాయంత్రం నమ్మాను.

మళ్ళీ సంత వచ్చింది. జనం ఎక్కుతుంటే మామ బండి ముందు నిలబడ్డాడు. "ఆ రోజు రాయి కాదు, బ్రేకు. నాకు ముందే తెలుసు. మీకు సెప్పలేదు" అన్నాడు. ఎవరో ముసలామె బుట్ట దించి, ఆయన్ని బాగా తిట్టి, మళ్ళీ బుట్ట పైకి అందించింది. ఇద్దరు ఎక్కకుండా నడిచి వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి మామ పైన మనుషుల్ని ఎక్కించలేదు. సంపాదన తగ్గింది. మా అత్త చాన్నాళ్ళు సణిగింది.

తాత ఇప్పుడు లేడు. జీపు కూడా లేదు. కొండకి తారు రోడ్డు పడింది, ఆటోలూ పికప్ బళ్ళూ వచ్చాయి. వాటిని నడిపేది ఎక్కువగా మన కుర్రాళ్ళే, నా దగ్గర చదివినవాళ్ళు కూడా. వాళ్ళకి నేను చెప్పే మాటలు కొన్నే. బండి ఎక్కగానే, కదలకముందు, పెడల్ తొక్కి అరవై లెక్కపెట్టు. దిగితే ఆ రోజు మనుషుల్ని ఎక్కించకు. పంపు కొడితే వస్తోందంటే అది బాగున్నట్టు కాదు, చక్రాలు చూపించమని చెబుతున్నట్టు. ఆయిలు తగ్గుతుంటే పోస్తూ పోకు, ఎక్కడ కారుతోందో వెతుకు. ఎక్కిన గేరులోనే ఘాటు దిగు, బరువంతా బ్రేకు మీద వెయ్యకు. గెడ్డ దాటాక డ్రమ్ములు తడిగా ఉంటాయి, నిదానంగా పోతూ బ్రేకుని కొంచెంగా పట్టి ఆరనివ్వు. షెడ్డులో ఏ భాగం మార్చినా పాతది చేతికి తీసుకుని, ఎందుకు పాడైందో అడుగు. అడగడానికి సిగ్గుపడకు.

తోటి ఉపాధ్యాయులకి ఒక్క మాట. మామ ఆ పాత సిలిండరుని పారెయ్యలేదు. నేను దాన్ని పట్నంలో లేతు మిషను దగ్గర నిలువునా కోయించాను. ఇప్పుడది మా తరగతి గదిలో ఉంది. పాస్కల్ సూత్రం చెప్పే రోజున దాన్ని పిల్లల మధ్య తిప్పుతాను. రెండు సిరంజిలకి గొట్టం కలిపి, నీళ్ళు నింపి ఇస్తాను. ఒకటి నొక్కితే రెండోది లేస్తుంది. మధ్యలో కాస్త గాలి వదిలి మళ్ళీ నొక్కమంటాను. పిల్లలే చెబుతారు, మెత్తగా ఉందని. వెనక బెంచీ పిల్లాడు ఒకడు, ఇంట్లో వేరే భాష మాట్లాడేవాడు, ఏడాదంతా నోరు తెరవనివాడు, ఆ సిలిండర్‌లోని గీత మీద వేలు పెట్టి, "ఇక్కడి నుంచి పోయింది సార్" అన్నాడు.

స్టాఫ్ రూములో మనం అనే మాట ఒకటుంది. ఈ పిల్లలకి చెబితే అర్థమవుతుందా, అని. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఆ షెడ్డు గుర్తొస్తుంది, సిలిండరుని వెలుతురు వైపు తిప్పిన మా మామ చెయ్యి గుర్తొస్తుంది. నేను పంతులుగా చేసే పని అంతకంటే పెద్దదేమీ కాదు. గీత ఎక్కడుందో చూపించడమే.